ఎత్తి మళ్లీ పరచగలిగే బాట: పెరటి తోటలో ఇటుక పని గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. పెరట్లో నాలుగు మొక్కలు పెంచుకునే వాళ్లం ఒకచోట చేరితే మాట ఎరువుల మీదికో, తెగుళ్ల మీదికో పోతుంది. ఆ మొక్కల మధ్య రోజూ మనం నడిచే దారి గురించి మాట్లాడమని నన్ను పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. ఇళ్లు కట్టించే పనిలో ఇంజనీరుగా ముప్ఫై ఏళ్లకు పైగా గడిపాను. గుంటూరు జిల్లాలోని మా ఇంటి పెరట్లో ఒకే బాటను రెండుసార్లు వేయించాను. మొదటిసారి వేయించినది రెండో వానాకాలం దాటలేదు. రెండోసారి వేయించినది పన్నెండేళ్లుగా నిలిచి ఉంది. ఆ రెంటికీ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పడమే ఇవాళ నా పని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇంటి తోటలో ఇటుక బాటను సిమెంటుతో అతికించకూడదు, గట్టి అంచుల మధ్య, ఇసుక పరుపు మీద, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తి మళ్లీ పరచుకునేలా వేసుకోవాలి.

మొదటి బాట సంగతి చెబుతాను. వంటింటి గుమ్మం నుంచి తులసికోట పక్కగా బావి దాకా 30 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. పైమట్టి చెక్కించి, రెండంగుళాల మందాన కాంక్రీటు పోయించి, దాని మీద ఇటుకలు పరిపించి, సందులన్నీ సిమెంటుతో నింపించాను. పని ముగిసిన రోజున ఎర్రగా, తీరుగా ఎంతో ముచ్చటగా ఉంది. మా అమ్మగారు చెప్పులు విడిచి దాని మీద అటూ ఇటూ నడిచి చూసుకున్నారు. మాది నల్లరేగడి నేల. ఆ వేసవిలో ఎప్పటిలాగే నేల బీటలిచ్చింది. బాట అంచున పడిన బీటలో నా చెయ్యి సగం దాకా దిగింది. వానలు పడగానే అదే నేల ఉబ్బింది. బాట నడుమ గుమ్మం దగ్గర మొదలైన పగులు తులసికోట దాకా సాగింది, బావి దగ్గర ఆరడుగుల ముక్క ఒక పక్కకు అంగుళంన్నర లేచింది. లేచిన చోట వెనక నీరు నిలిచి పాచి పట్టింది. మరుసటి శ్రావణంలో ఆ పాచి మీద అమ్మగారు జారిపడ్డారు, మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో కూర్చున్నారు. ఆ తప్పు మేస్త్రీది కాదు, అలా వేయమన్నది నేనే.

ఆ బాటను పలుగుతో పెకలించినప్పుడు కింద చూసినది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. ఒక్క ఇటుక కూడా ముక్క కాకుండా రాలేదు, సిమెంటు అంత గట్టిగా పట్టుకుంది. కానీ కాంక్రీటు పలకకూ నేలకూ మధ్య అరచెయ్యి దూరేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలో జామచెట్టు వేరు ఒకటి వేలెడు లావున, తెల్లగా, తిన్నగా నాలుగడుగులు సాగి ఉంది. అంటే పైన ఇటుక, సిమెంటు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి గాని, కింద వాటిని మోసే నేల ఎప్పుడో జారుకుంది.

నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం ఎక్కువ. నీరు తగిలితే తన పొరల మధ్యకు ఆ నీటిని లాక్కుని ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. ఇది ఏటా జరిగేదే, రెండంగుళాల కాంక్రీటుకు ఆగేది కాదు. ఇల్లు కట్టేటప్పుడు దీనికోసమే పునాది లోతుగా తీసుకుంటాం, గోడల కింద చుట్టూ సాగే కాంక్రీటు దూలం, అంటే ప్లింత్ బీమ్ కడతాం. బాటకు అంత ఖర్చు ఎవరూ పెట్టరు, పెట్టనక్కరలేదు. నేల కదిలితే దానితోపాటు కొద్దిగా కదిలి మళ్లీ సర్దుకునే బాట ఉంటే చాలు. విడి ఇటుకలు ఇసుక మీద కూర్చున్నప్పుడు ఆ కదలికను వందల సందులు వెంట్రుకవాసి చొప్పున పంచుకుంటాయి. ఎక్కడైనా ఒకచోట దిగినా, లేచినా, ఆ నాలుగు ఇటుకలు తీసి, కింద ఇసుక సర్ది, మళ్లీ పెట్టుకుంటే అయిపోతుంది. అతికించిన బాటకు ఆ వీలు లేదు. అది పగలాలి, లేదా పగలగొట్టాలి.

అలాగని పైమట్టి మీద ఇసుక చల్లి ఇటుకలు పేరిస్తే అది బాట కాదు. అసలు పని అడుగున ఉంది. నల్లరేగడి అయితే అడుగుకు పైగా, అడుగున్నర దాకా లోతు తవ్వించి, అందులో కనీసం 9 అంగుళాల మందాన గ్రావెల్ నింపాలి. మా కోస్తా జిల్లాల్లో గ్రావెల్ అంటాం, తెలంగాణలో మొరం అంటారు. ఇది మూడేసి అంగుళాల పొరలుగా పడాలి. ప్రతి పొరనూ తగుమాత్రం తడిపి, దిమ్మిసతో కొట్టాలి. తొమ్మిదంగుళాలూ ఒకేసారి పోసి పైన కొడితే పై మూడంగుళాలే గట్టిపడతాయి, అడుగున ఉన్నది గుల్లగానే ఉండి వాన పడ్డాక కుంగుతుంది. దిమ్మిస దెబ్బ పడినప్పుడు మొదట మెత్తగా వినిపిస్తుంది, నేల గట్టిపడే కొద్దీ ఆ చప్పుడు పొడిగా మారుతుంది. ఆ మార్పు వినేదాకా ఆపవద్దని కూలీలకు చెప్పండి, పక్కనే నిలబడి మీరూ వినండి. ఉబ్బే నేల మీద ఉబ్బని జిగట మట్టి పొరను గట్టిగా పరిస్తే కింది నేల ఉబ్బు అణుగుతుందని ఐఐటీ బొంబాయి ఆచార్యులు ఆర్.కె. కట్టి పరిశోధించి చూపారు. నల్లరేగడిలో తవ్విన కాలువలకు ఆ పద్ధతిని వాడారు. జిగటతో పట్టుకునే మంచి మొరం మన బాట కింద చేసే పని కూడా దాదాపు అదే. మట్టిలో నూటికి నాలుగైదు పాళ్లు సున్నం కలిపినా ఉబ్బు తగ్గుతుంది, రోడ్డు పనుల్లో అది ఉన్న పద్ధతే. కానీ సున్నం వల్ల మట్టిలో క్షారం పెరుగుతుంది. పక్కనే మొక్కల వేర్లు ఉండే పెరట్లో నేను దాన్ని వాడమని చెప్పను.

ఎర్రనేలల వాళ్లు, చల్క నేలల వాళ్లు అదృష్టవంతులు. అక్కడ 4 అంగుళాల గ్రావెల్ చాలు, ఒక్కోచోట తవ్విన మట్టే గట్టిపడి అడుగుగా పనికి వస్తుంది. సముద్రతీరపు ఇసుక నేలల్లో కుంగుడు పెద్దగా ఉండదు గాని ఇసుక పక్కలకు జారిపోతుంది, అందువల్ల అక్కడ అంచు మీద రెట్టింపు శ్రద్ధ పెట్టాలి.

ఏ నేలలోనైనా బాట చెడిపోవడం అంచు దగ్గరే మొదలవుతుంది. మనిషి నడిచినప్పుడు బరువు కిందికి మాత్రమే పోదు, ఇటుకలను పక్కలకు కూడా నెడుతుంది. అంచు వదులైతే చివరి వరుస బయటికి జరుగుతుంది, దాని వెనక రెండో వరుస జరుగుతుంది, సందులు వెడల్పై ఇసుక కారిపోతుంది. పాత ప్రభుత్వ కార్యాలయాల ఆవరణల్లో, రైల్వే స్టేషన్ల తోటల్లో ఇటుకలను ఏటవాలుగా రంపపు పళ్లలా పాతి సున్నం, కావి రంగులు వేయడం మనమంతా చూశాం. పూలమడికి అది చక్కగా ఉంటుంది. బాటను మాత్రం పట్టి ఉంచలేదు, ఎందుకంటే ఆ ఇటుకలు నేలలో నాలుగైదు అంగుళాలకు మించి దిగవు, వాటి వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. బాట అంచుకు ఇటుకను నిలువుగా, దాని తొమ్మిదంగుళాల పొడవూ నేలలోకి దిగేలా నిలబెట్టాలి. తల మాత్రం బాట మట్టానికి సమంగా ఉండాలి. అడుగున, బయటివైపున మూడు నాలుగు అంగుళాల కాంక్రీటు వేసి ఊతం ఇవ్వాలి. 1:4:8 పాళ్ల మామూలు కాంక్రీటు, అంటే ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక, ఎనిమిది పాళ్లు కంకర సరిపోతుంది. ఈ పని మొత్తంలో నేను సిమెంటును ఒప్పుకునే చోటు ఇదొక్కటే. నల్లరేగడిలో ఈ అంచును కూడా తవ్వి నింపిన గ్రావెల్ పొర మీదే నిలపాలి, పచ్చి నేల మీద కాదు.

అంచులు కట్టి నాలుగు రోజులు ఆరనిచ్చాక ఇసుక పరుపు. ముతక ఇసుక కావాలి, మందం అంగుళం, మహా అయితే అంగుళంన్నర. ఇసుక ఎక్కువ పోస్తే మెత్తగా ఉంటుందని కొందరు మూడేసి అంగుళాలు పోయిస్తారు, అప్పుడు బాట పరుపులా అడుగడుగునా కుంగుతుంది. అంగుళం లావు గొట్టాలు రెంటిని పొడవునా పెట్టి, వాటి మధ్య ఇసుక పోసి, తిన్నని చెక్కను ఆ గొట్టాల మీద లాగితే ఇసుక అద్దంలా సమమవుతుంది. గొట్టాలు తీసిన గాడిని ఇసుకతో పూడ్చాలి. సరిచేసిన ఇసుక మీద కాలు పెట్టకూడదు. పరిచిన ఇటుకల మీద నిలబడి ముందుకు పరచుకుంటూ పోవాలి. సిమెంటు పనికి ఇటుకలను తడుపుతాం గాని ఈ పనికి తడపనక్కరలేదు. ఇటుకను పెట్టి రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, రెండు మూడు వరుసలకు ఒకసారి రసమట్టం పెట్టి చూసుకోవాలి. అంతా అయ్యాక పొడి సన్న ఇసుక పైన చల్లి చీపురుతో సందుల్లోకి ఊడ్చాలి. ఇసుక పూర్తిగా పొడిగా ఉండాలి, తడి ఇసుక సందు నోటి దగ్గరే ఆగిపోతుంది. వారం తర్వాత ఒకసారి, మొదటి వాన తర్వాత ఒకసారి మళ్లీ ఊడ్చితే సందులు నిండి ఇటుకలు బిగుసుకుంటాయి.

ఇంతవరకు వచ్చాం గాని ఏ ఇటుక అన్నది ఇంకా చెప్పలేదు. ఈ బల్ల మీద మూడు ఇటుకలు తెచ్చి పెట్టాను. మూడూ ఒకే బట్టీలో, ఒకే కాల్పులో వచ్చినవి. బట్టీలో మంట అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బయటి పక్కన ఉన్నవి సరిగ్గా కాలవు, నిప్పుకు మరీ దగ్గరగా ఉన్నవి కరిగి వంకరపోతాయి. ఇది మొదటిది, పాలిపోయిన నారింజ రంగు. మరో ఇటుకతో కొడుతున్నాను, వినండి, మెత్తగా టప్పుమంది. మేకుతో గీస్తే గీత పడింది, పొడి రాలింది. దీన్ని గోడలో పెట్టి పూత పూస్తే చాలాకాలం బాగానే ఉంటుంది, నేల మీద వేస్తే రెండు వానలకు అంచులు కరిగిపోతాయి. ఇది రెండోది, ముదురు ఎరుపు. ఖంగుమని మోగింది. గీస్తే మేకే జారుతోంది. నడుం ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలినా ఇది పగలదు. బాటకు ఇదే కావాలి. మూడోది నల్లబడి, ఒక పక్క గాజులా మెరుస్తూ, నడుం వంగి ఉంది. ఇది అన్నిటికన్నా గట్టిది, కానీ వంకర వల్ల వరుసలో కూర్చోదు. దీన్ని పారేయకండి, ముక్కలు కొట్టి అడుగు పొరలో గ్రావెల్‌తో కలిపి వాడుకోవచ్చు.

ఇంకొక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. బాగా ఎండిన ఇటుకను తూచి, ఒక పగలు, ఒక రాత్రి నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచండి. ఇటుకలకు మన దేశంలో ఉన్న ఐఎస్ 1077 ప్రమాణం ప్రకారం, బలాన్ని బట్టి చేసిన తరగతుల్లో 12.5 తరగతి దాకా ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదు, అంతకన్నా పైతరగతి ఇటుకలు 15 శాతానికి మించకూడదు. బాటకు నేను ఆ పదిహేనునే హద్దుగా పెట్టుకుంటాను. అంటే 3 కిలోల ఇటుక 450 గ్రాములకు మించి నీరు తాగకూడదు. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలికైనవని మనమంతా గర్వంగా చెప్పుకుంటాం. శిఖరం బరువు తగ్గించడానికి కాకతీయుల శిల్పులు వేసిన గొప్ప ఎత్తు అది. నేల మీద పరిచే ఇటుకకు కావలసిన గుణం దానికి సరిగ్గా ఎదురు: బరువు, బిగువు, నీరు చొరనివ్వని తనం.

నీరు పీల్చే ఇటుకకు మన ప్రాంతాల్లో ఉప్పు పెద్ద శత్రువు. బోరు నీరు ఉప్పగా ఉన్నచోట, చౌడు నేలల్లో, ఆ నీరు ఇటుక రంధ్రాల్లోకి ఎక్కి, ఎండకు ఆవిరై, ఉప్పును అక్కడే వదిలేస్తుంది. ఉప్పు గడ్డకట్టేటప్పుడు లోపలి నుంచి నెడుతుంది, అందుకే ఇటుక పైపొర పెచ్చులుగా రాలుతుంది. తెల్లటి పొడి కనిపిస్తే పొడి బ్రష్‌తో రుద్ది ఎత్తి పారేయాలి, నీళ్లతో కడిగితే ఆ ఉప్పు తిరిగి లోపలికే పోతుంది. సముద్రపు ఇసుకను ఈ పనిలో పరుపుకు గాని, సందులకు గాని వాడవద్దు.

పాత ఇటుకల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఊళ్లలో పాత పెంకుటిళ్లు, మద్రాసు టెర్రస్ మిద్దెలు పడగొడుతున్నారు. గానుగ సున్నంతో కట్టిన గోడల ఇటుకకు అంటిన సున్నం తాపీతో తడితే ఊడి వస్తుంది, ఇటుకకు దెబ్బ తగలదు. సిమెంటుతో కట్టిన గోడ ఇటుకను అలా విడదీయలేం. మద్రాసు టెర్రస్ కప్పుల్లో దూలాల మీద వాలుగా, అంచు మీద నిలబెట్టి కట్టిన సన్నని చిన్న ఇటుకలు ఉంటాయి, సుమారు ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం. వాటిని ఏరి, మోగించి చూసి, మంచివి దాచుకోండి. వాటిని అంచు మీద నిలబెట్టి పరిస్తే వచ్చే సన్నని గీతల అందం ఏ కొత్త సరుకుకూ రాదు. చెత్తబండిలో పోతున్న సరుకు అది, ఇంకో పదేళ్లకు మనకు దొరకదు. ఇటుకకు సారవంతమైన పైమట్టిని తవ్వుతారన్న సంగతి తోట పెంచే మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక్క పాత ఇటుక తిరిగి వాడినా ఆ మేరకు ఎక్కడో కొంత పొలం మట్టి మిగులుతుంది. పాత గోడల్లో లోపలి వరుసలకు సగం కాలిన ఇటుకలు కూడా వాడేవారు కనుక అన్నిటినీ మోగించి చూడక తప్పదు.

పరిచే తీరు రెండు విధాలు. ఇటుకను పడుకోబెట్టి పరచవచ్చు, అంచు మీద నిలబెట్టి పరచవచ్చు. మన నాటు ఇటుక సుమారు 9 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. పడుకోబెడితే చదరపు అడుగుకు నాలుగు పడతాయి, నిలబెడితే ఐదుంపావుకు కొంచెం పైనే పడతాయి. మా 90 చదరపు అడుగుల బాటకు మొదటి పద్ధతిలో 360, రెండో పద్ధతిలో 480. అంచు వరుసలు వేరు, విరిగిపోయేవాటికి నూటికి పది అదనం. ఖర్చు మూడో వంతు పెరిగినా నేను నిలబెట్టి పరచడానికే ఓటు వేస్తాను. ఇటుక నిలబడితే నాలుగంగుళాల లోతు బలం వస్తుంది, ఇటుక మీద బట్టీవాడు పేరు అచ్చు వేసిన గుంట పక్కకు పోయి కనపడకుండా ఇసుకతో నిండుతుంది, పాదానికి సన్నని గీతలు తగిలి జారుడు తగ్గుతుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మొహెంజొదారో పెద్ద స్నానఘట్టం అడుగును నాలుగున్నర వేల ఏళ్ల నాడు ఇలా అంచు మీద నిలబెట్టిన ఇటుకలతోనే పరిచారు. వాళ్లకు నీరు నిలవాలి కనుక సందుల్లో జిప్సం దట్టించారు, మనకు నీరు ఇంకాలి కనుక ఇసుక నింపుతున్నాం.

అమరికల పేర్లు చాలా ఉన్నాయి. గోడ వరుసల్లా సందు మార్చి పరచడం అందరికీ వచ్చు, నడకకు అడ్డంగా వరుసలు వచ్చేలా వేసుకుంటే చాలు. చాప అల్లికలా రెండు అడ్డం, రెండు నిలువు పెట్టాలంటే ఇటుక పొడవు వెడల్పుకు సరిగ్గా రెట్టింపు ఉండాలి. మన 9, 4 అంగుళాల ఇటుకలో రెండు వెడల్పులు కలిస్తే ఎనిమిదే అవుతాయి, మిగిలిన అంగుళం సందుల్లోకి పోయి అమరిక వదులవుతుంది. కాబట్టి ఆ అల్లిక కావాలంటే ముందు పది ఇటుకలు నేల మీద పేర్చి చూసుకుని అప్పుడు లారీకి చెప్పండి. చేపముల్లులా ఏటవాలుగా అల్లే అమరిక అన్నిటికన్నా గట్టిది, ఒక ఇటుక కదలాలంటే చుట్టూ ఉన్నవి అడ్డుపడతాయి. అంచుల్లో ఇటుకలు కోయాల్సి రావడమే దానితో ఇబ్బంది. కారు నిలిపే చోటికి మాత్రం నాటు ఇటుక వద్దు. అక్కడ 60 మిల్లీమీటర్ల మందానికి తగ్గని కాంక్రీటు పేవర్ బ్లాకులే మేలు.

బాట ఎక్కడ వేయాలన్నది కాగితం మీద గీసి నిర్ణయించవద్దు. నెల రోజులు మామూలుగా నడవండి. గుమ్మం నుంచి కుళాయికి, కుళాయి నుంచి బట్టలు ఉతికే బండకు, అక్కడి నుంచి కరివేపాకు చెట్టుకు కాళ్లు తమంతట తామే ఒక దారి వేస్తాయి. గరిక అరిగి మట్టి తేలిన గీత అది. బాట ఆ గీత మీదే ఉండాలి. అందం కోసం వంపులు తిప్పితే ఇంట్లో వాళ్లు నెల తిరక్కుండానే మడిలోంచి అడ్డంగా నడవడం మొదలుపెడతారు. చెట్టు అడ్డం వస్తే మాత్రం వంపు తిప్పాల్సిందే. ఒక మనిషికి రెండున్నర అడుగులు చాలు. కర్ర పట్టుకుని నడిచే పెద్దవాళ్లు, వాళ్ల చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు ఉంటే నాలుగడుగులు కావాలి. చక్రాల కుర్చీ పోవాలంటే మూడడుగులకు తగ్గకూడదు, ఎక్కడా మెట్టు ఉండకూడదు. తులసికోట చుట్టూ ప్రదక్షిణకు రెండున్నర అడుగులు వదలండి. వాకిట్లో, గేటు ముందు ముగ్గు వేసే మేర ఇటుక పరచవద్దని మా ఇంట్లో ఆడవాళ్లు పట్టుబట్టారు, వాళ్లు చెప్పినదే నిజం. ఇటుక సందుల మీద ముగ్గు గీత తెగిపోతుంది, తడిసిన ఎరుపు మీద తెలుపు మసకబారుతుంది. అక్కడ ఎనిమిదడుగుల మేర మట్టి నేలను దిమ్మిస కొట్టి అలాగే ఉంచాం, కావాలంటే తాండూరు బండ వేసుకోవచ్చు. బాట కింద అడ్డంగా రెండుచోట్ల రెండంగుళాల పీవీసీ గొట్టం ఖాళీగా పాతి పెట్టండి. రేపు డ్రిప్ పైపు గాని, దీపానికి తీగ గాని లాగాల్సి వస్తే అందులోంచి పోతుంది.

వాన నీటి విషయంలో గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటే, 50కి 1 వాలు. నాలుగడుగుల వెడల్పు బాటలో ఒక పక్క ఇంకో పక్క కన్నా సుమారు ఒక అంగుళం దిగువ ఉండాలి. ఆ వాలు ఇంటి గోడ వైపు కాకుండా మడుల వైపు ఉండాలి. బాట మట్టం పక్క నేల కన్నా అర అంగుళం పైన ఉంటే మట్టి కొట్టుకు వచ్చి ఇటుకల మీద పేరుకోదు. సందుల్లోంచి కొంత నీరు అక్కడికక్కడే ఇంకుతుంది, మిగిలింది మడిలోకి పోతుంది. కలుపు రాకూడదని కొందరు ఇసుక కింద పాలిథిన్ పట్టా పరుస్తారు, దయచేసి ఆ పని చేయవద్దు. నీరు దాని మీద నిలిచి ఇసుకను గంజిలా చేస్తుంది, పక్కనున్న చెట్టు వేరుకు గాలి, నీరు అందవు. కలుపుకు మందు వేరే ఉంది. తవ్వినప్పుడే తుంగగడ్డలను ఏరి పారేయాలి. గరికనైనా ఊడబీకవచ్చు గాని తుంగ ఒక్క గడ్డ మిగిలినా ఇటుకల మధ్య నుంచి సూదిలా పైకి వస్తుంది. నల్లరేగడిలో గ్రావెల్‌కూ నేలకూ మధ్య నీరు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే బంకమన్ను పైకి ఎగదన్నకుండా ఉంటుంది, అది మంచి ఖర్చే. చెట్టు మొదలు చుట్టూ కనీసం రెండడుగుల మట్టి వదలండి. వేరు లావై ఇటుకలను ఎత్తితే వేరును నరకకుండా ఇటుకలు తీసి, అక్కడ బాటను కాస్త ఎత్తు చేసి పరచండి.

మిద్దెతోట వాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు, వాళ్లకో హెచ్చరిక. మూడంగుళాల ఇటుక, అంగుళం ఇసుక కలిస్తే చదరపు మీటరుకు సుమారు 170 కిలోల బరువు అవుతుంది. మనుషులు తిరిగే మిద్దె కప్పుకు మన ప్రమాణాల్లో పెట్టుకునే అదనపు బరువు 150 కిలోలు. ఇటుక బాట ఒక్కటే ఆ హద్దు దాటుతుంది, కుండీల బరువు ఇంకా లెక్కలోకి రాలేదు. మిద్దె మీద ఇటుక పరచవద్దు.

ఇక నిర్వహణ. ఏటా పని ఒక్క పూటదే. వానలు వెనకబట్టిన తర్వాత, కార్తీకంలో, నేల ఇంకా కొంచెం తేమగా ఉన్నప్పుడు బాట పొడవునా కాలితో నొక్కుతూ నడవండి. ఊగే ఇటుక కాలికే తెలుస్తుంది. దాన్ని రెండు తాపీలతో అటూ ఇటూ పట్టి పైకి తీసి, కింద పిడికెడు ఇసుక సర్ది, మళ్లీ దించి సుత్తితో తట్టాలి. నీడ పడేచోట పట్టే పాచిని గట్టి కొబ్బరి పీచు బ్రష్‌తో, ముతక ఇసుక చల్లి రుద్దితే పోతుంది. బ్లీచింగ్ పౌడర్ వేస్తే పాచి పోతుంది గాని కడిగిన నీరు మడిలోకే చేరుతుంది. అసలు పాచి అదే చోట పదేపదే పడుతోందంటే అక్కడ వాలు తప్పిందనో, పైన కొమ్మ దట్టమైందనో అర్థం; రుద్దడం కన్నా ఆ కారణాన్ని సరిచేయడం మంచిది. మిగిలిన ఇటుకలను మూల పోగేసి ఉంచితే తేళ్లు, జెర్రులు చేరతాయి, వాటిని నేలకు ఎత్తుగా రాతి మీద పేర్చి ఉంచండి. ఓ ముప్ఫై ఇటుకలు ఎప్పుడూ దాచుకోవాలి, తర్వాత కొన్నవి ఆ రంగులో, ఆ కొలతలో దొరకవు.

మొన్నటి కార్తీకంలో మా బాటలో పదకొండు ఇటుకలు ఎత్తి పెట్టాను, అందులో ఏడు జామచెట్టు దగ్గరివే. పగిలినవి రెండు. గంటన్నర పట్టింది. అమ్మగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ ఇటుక ఊగుతోందో కర్రతో చూపించారు. పొద్దున పూట తులసికోట దాకా ఆవిడ ఇప్పటికీ దాని మీదే నడుస్తారు.

ఈ మూడు ఇటుకలూ బల్ల మీదే ఉంచుతాను. ముందుకు రండి, చేతిలోకి తీసుకుని మోగించి చూడండి, ప్రశ్నలు ఉంటే అడగండి. మీ పెరటి మట్టి పిడికెడు పొట్లంలో తెచ్చిన వాళ్లు ముందు నాకు చూపించండి.